పెదనాన్న తేల్చని కత్తి

“ముందా కత్తి పైన పెట్టు పెదనాన్నా! పాప పట్టుకుంటే? పట్టుకుని నోట్లో పెట్టుకుంటే? తుప్పు! ధనుర్వాతం!”

ఇవి 2003 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న నేనన్న మాటలు. అప్పటికి మా పాపకి ఏడు నెలలు. తుప్పులో ధనుర్వాతం ఉండదనీ, ఆ క్రిమి మట్టిలో ఉంటుందనీ, పాపకి టీకాలన్నీ వేయించేశామనీ, పాప పక్కగదిలో ఉయ్యాల్లో నిద్రపోతోందనీ నాకు తెలుసు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. తెలిసినంత మాత్రాన భయం పోయేటట్టయితే సైన్సు చదివినవాళ్ళందరం హాయిగా నిద్రపోదుం.

పెదనాన్న కత్తి పైన పెట్టలేదు. అరచేతిలో పెట్టుకుని నా ముక్కు దాకా చాపి, పదిహేనేళ్ళుగా విశాఖపట్నంలో కనిపించిన ప్రతి మనిషినీ అడుగుతున్న ప్రశ్న నన్నూ అడిగాడు.

“ఓ మాట సెప్పమ్మా. దీన్ని బాగు సేయించమంటావా, ఇలగే ఉంచమంటావా?”

మా తాతబాబు పెదనాన్న గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే. ఆయన ఆ కత్తి సంగతి తేల్చడు. మిగతావన్నీ టీ చల్లారేలోపు తేల్చేస్తాడు. కంటి ఆపరేషన్ ముందు ఏ కంటికో డాక్టరు ఆలోచిస్తూ ఉండగానే, “ఎడమ కన్ను కొయ్యండి, కుడి కన్నుతో మీరేటి సేత్తన్నారో సూత్తాను” అన్న మనిషి. కత్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరందరి సలహా కావాలి.

అది మా తాత అప్పలరాజు వదిలి వెళ్ళిన మడతకత్తి. విప్పితే మూడంగుళాల అలుగు, ముడిస్తే చొక్కా జేబులో పట్టేస్తుంది. తాత చేపలవేటకి వెళ్ళేవాడు. ఏదో ఓడ మీది వంటవాడికి రెండు కోనాం చేపలిచ్చి ఆ కత్తి తీసుకున్నాడట. కొమ్ముతో చేసిన పిడి నిలువునా పగిలితే, దాని మీద వల దారం దగ్గరగా చుట్టి ముడేశాడు. అలుగు మీద ఒక తుప్పు మచ్చ. తాత 1988లో పోయాడు. పడవ చిన్నాన్నకీ, కత్తి పెదనాన్నకీ వచ్చాయి. చిన్నాన్న పడవ గురించి ఎవరినీ ఏమీ అడగలేదు.

తమాషా ఏమిటంటే పెదనాన్న పోర్టు వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేశాడు. క్రేన్ల పళ్ళచక్రాలు విప్పి బిగించిన చెయ్యి. ఆ కత్తిని బాగుచేయడానికి ఆయనకి అరగంట చాలు, అందులోనూ పది నిమిషాలు బీడీకి.

“అరగంట పని!” అనేది సూర్యకళ పెద్దమ్మ. “ఈ పదిహేనేళ్ళలో నాను ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు సేసీసినాను. ఈయన కత్తికింకా సంబంధాలు సూత్తన్నాడు.”

“నువ్వూ ఓ మాట సెప్పవే మరి.”

“నాకిచ్చీ. సేపలు కోసుకుంటాను.”

“అది సలహా కాదే, దోపిడీ.”

ఊళ్ళో ఎవరి వృత్తిని బట్టి వాళ్ళు సలహా చెప్పారు. బీపీ చూసే డాక్టరు, “ముందు మీరు టీటీ ఇంజక్షను తీసుకోండి” అన్నాడు. కోర్టు పనికి వెళ్ళినప్పుడు దొరికిన ప్లీడరు, “తుది తీర్పు వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగించండి” అన్నాడు. గాజువాక వెల్డరు మాటల్లో టైము వృథా చేయకుండా కళ్ళద్దాలు పెట్టేసుకున్నాడు. పెదనాన్న కత్తి లాక్కుని బయటపడ్డాడు.

ఒకసారి పక్కింటి సత్యం దొరికాడు. తను నడిపే బోటు ఇంజను కాలిపోయి, ఓనరు పని మాన్పించేస్తే, ఆర్నెల్లుగా అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకుంటున్న మనిషి. అలాంటివాడి దగ్గరికి వెళ్ళి, “సత్యం బావా, నువ్వు ఇంజన్ల మనిషివి. పిడి మారిత్తే దేంతో ఎయ్యాలంతావ్?” అని పెదనాన్న మొదలెట్టాడు. తెల్లారేసరికి సత్యం అట్టముక్క మీద మూడు రకాల పిడుల బొమ్మలు గీసుకొచ్చాడు. ఒకదానికి సీసా మూత తీసే కొక్కెం కూడా ఉంది.

“ఇదెందుకు బావా?” అన్నాడు పెదనాన్న.

“మరి నీకు సోడా తాగాలనిపిత్తే?”

పెదనాన్నకి సోడా పడదు. అయినా అరగంటసేపు ఆ కొక్కెం గురించి చర్చించాడు.

రిటైరైన లెక్కల మాస్టారు యోహాన్ గారినీ వదల్లేదు. ఆయన నాలుగు పేజీల అభిప్రాయం రాసిచ్చారు, ‘అనుకూల కారణములు’, ‘ప్రతికూల కారణములు’ అని గీతలు కొట్టి. చివర, ‘పై రెండును సమానములు’ అని తేల్చారు. పెదనాన్న అది చదివించుకుని, “సర్, మూడో పేజీ మళ్ళీ సెప్పండి” అన్నాడు. మాస్టారు ఆ వారం నాలుగుసార్లు మా పెదనాన్న ఇంటికి వచ్చారు. పెద్దమ్మ నాలుగుసార్లూ ఉప్మా చేసింది. అయిదోసారి, “రవ్వ అయిపోయింది, కత్తి తినండి” అంది.

నా పెళ్ళిచూపులకి కూడా ఆ కత్తి వచ్చింది. పెళ్ళికొడుకు మోహన్ స్టీల్‌ప్లాంట్ ఇంజనీరు. పాపం చేతులు వణికి, టీ సగం సాసర్లోనూ సగం ప్యాంటు మీదా పోసుకున్నాడు. అందరూ మర్యాదగా సీలింగు చూస్తున్నారు. పెదనాన్న జేబులోంచి కత్తి తీసి విప్పాడు. అబ్బాయి తల్లి చిన్న కేక పెట్టింది.

“బాబూ, మీరు స్టీలు మనుషులు. దీన్ని బాగు సేయించమంటారా, ఇలగే ఉంచమంటారా?”

మోహన్ ఇరవై నిమిషాలు కార్బన్ శాతం గురించి మాట్లాడాడు. చేతులు వణకడం ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు. అబ్బాయి బాగా మాట్లాడతాడని నేను ఒప్పుకున్నాను. పెళ్ళయ్యాక తెలిసింది, కార్బన్ శాతం గురించి తప్ప మాట్లాడడని.

ఇక నా వంతు 1995లోనే ఒకసారి వచ్చింది. ద్వారకా నగర్‌లో రెండేళ్ళు కోచింగు తీసుకున్నా నాకు మెడిసిన్ సీటు రాలేదు. మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాలుగో రోజు పెదనాన్న వచ్చాడు. ‘పోన్లే అమ్మా’ అనలేదు, ‘మళ్ళీ రాద్దువులే’ అనలేదు. కత్తి తీశాడు.

“సైన్సు సదివినోళ్ళు మనింట్లో నువ్వొక్కదానివే. ఈ తుప్పేటి, ఎందుకొచ్చింది, ఎంతుంది? నాకు రిపోర్టు కావాల.”

మనిషికి ఇంగితం ఉండక్కర్లేదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే లేచి కూర్చుని, స్కేలు తీసి, కాగితం మీద బొమ్మ గీసి రాశాను. ‘తుప్పు మచ్చ: పొడవు 11 మి.మీ., వెడల్పు 6 మి.మీ. సిఫార్సు: శుభ్రం చేయవలెను.’ పెదనాన్న నా చేత సంతకం పెట్టించి, తేదీ వేయించి, కాగితం మడిచి పట్టుకుపోయాడు. చేయమన్న శుభ్రం మాత్రం చేయలేదు. ఆ ఏడే కెమిస్ట్రీలో చేరాను.

మళ్ళీ 2003 జూన్‌కి వద్దాం. అప్పుడు మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. పాప పుట్టిన దగ్గర్నుంచి నేను పాల సీసాలు టైమరు పెట్టి ఇరవై నిమిషాలు మరగబెడుతున్నాను. పాప ఒంటి వేడి రోజుకి ఆరుసార్లు కొలిచి గ్రాఫు గీస్తున్నాను. నిద్రపోతుంటే ముక్కు దగ్గర అద్దం పెట్టి చూస్తున్నాను. గుమ్మం దాటి పాపని బయటికి తీసుకెళ్ళింది టీకాలకే. వచ్చినవాళ్ళందరూ సలహాలు చెప్పేవాళ్ళు. వాము నీళ్ళు పట్టమని ఒకరు, పట్టొద్దని ఒకరు, అంత భయమైతే ఎలాగని అందరూ. ఒక్కొక్క సలహాకీ నాకు కొత్త భయం ఒకటి పుట్టేది. పిల్లని పెంచడం నా వల్ల కాదని లోపల్లోపల తేల్చేసుకున్నాను.

అలాంటప్పుడు ఈయన తుప్పుకత్తి పట్టుకుని దిగాడు.

“పెదనాన్నా, పదిహేనేళ్ళయింది. నువ్వే తేల్చుకో.”

“నాకు అరవయ్యైదొచ్చీసాయమ్మా. ఈపాలి నీదే ఫైనలు. కత్తిని దాని రేకు డబ్బాతో సహా ఇక్కడే ఒగ్గేసి ఎల్తన్నాను. పై ఆదివారం వొత్తాను. బాగు సేసినా సరే, సేయకపోయినా సరే. మళ్ళీ ఎవలినీ అడగను.”

పాప కోసం తెచ్చిన పంపరపనస కాయ బల్ల మీద పెట్టి (ఏడు నెలల పిల్ల పంపరపనస ఏం చేసుకుంటుందో ఆయనకే తెలియాలి) బస్సుకి వెళ్ళిపోయాడు.

నేను తేల్చేశాను. తుప్పు ఉండకూడదు. బుధవారం మధ్యాహ్నం పాప పడుకోగానే గాజు పళ్ళెంలో నిమ్మఉప్పు నీళ్ళు కలిపి, గరుకు కాగితం పక్కన పెట్టుకుని, కత్తెర తీశాను. ముందు ఆ పాత వల దారం కోసెయ్యాలి. దారం కిందికి కత్తెర మొన పోనిచ్చాను కూడా.

అయితే ప్రయోగానికి ముందు కొలత తీసుకోవడం నాకు అలవాటు. కత్తెర పక్కన పెట్టి స్కేలు తీశాను. పొడవు 11 మి.మీ. వెడల్పు 6.

ఈ అంకెలు ఎక్కడో విన్నట్టున్నాయే అనుకున్నాను. రేకు డబ్బా అడుగున మడతపెట్టిన కాగితాలున్నాయి. పైది నాదే. ఎనిమిదేళ్ళ కిందటి సంతకం. 11, 6.

జాలరిపేట ఉప్పుగాలికి పెదనాన్న గేటు గొళ్ళెం రెండేళ్ళకొకసారి పొడిపొడిగా రాలిపోతుంది. అదే ఇంట్లో ఎనిమిదేళ్ళు ఉన్న తుప్పు మచ్చ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదంటే కెమిస్ట్రీలో దానికి ఒకటే అర్థం. వాసన చూశాను. మెషీన్ ఆయిల్. ఎవరో నెలనెలా తుడిచి నూనె రాస్తున్నారు. అంటే ఈ కత్తిని ఇలాగే ఉంచాలని ఎప్పుడో తేలిపోయింది. తేల్చినాయన మాత్రం ఊరంతా తిరిగి అడుగుతున్నాడు.

మిగతా కాగితాలు తీశాను. సత్యం అట్టముక్క. మాస్టారి నాలుగు పేజీలు, అన్నిటి కిందా తేదీలు. మాస్టారు రిటైరైన రెండో నెల అది, బడి గంట కొట్టే వేళకి ఊరికే గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి వచ్చేస్తున్నారని అందరూ చెప్పుకున్న రోజులు. సత్యం పిడి బొమ్మలు గీసిన వారానికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి ఇంకో బోటులో పని అడిగాడని నాకు గుర్తుంది. నా కాగితం సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆదివారం దాకా ఆగలేదు. పళ్ళెంలో నీళ్ళు పారబోసి, పాపని చంకనేసుకుని, డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కాను. జాలరిపేటలో దిగాక గానీ థర్మామీటరు ఇంట్లోనే మర్చిపోయానని తట్టలేదు.

“ఓలమ్మో! గుంటని గుమ్మం దాటించీసింది!” అంటూ పెద్దమ్మ పాపని ఎత్తుకుంది. ఎత్తుకునే ముందు చేతులు కడుక్కోమని నేను చెప్పలేదు. చెప్పబోయాను, అది వేరే సంగతి.

పెదనాన్న అరుగు మీద గేటు గొళ్ళెం బిగిస్తున్నాడు. డబ్బా ఆయన ముందు పెట్టాను.

“ఈ కత్తికి నూనె ఎవరు రాస్తున్నారు?”

పెదనాన్న గొళ్ళెం వైపే చూశాడు. పెద్దమ్మ లోపల్నుంచి అరిచింది. “ఇంకెవలు? నెలకోపాలి నా కుట్టుమిషను నూనె దొంగతనం సేత్తన్నాడు!”

“ఉంచాలని నీకు ముందే తెలుసు కదా. మరి డాక్టర్నీ ప్లీడర్నీ కూడా ఎందుకడిగావు? వాళ్ళకేం దిగులు?”

“అందర్నీ అడగాల కదమ్మా. నీలాటోళ్ళనే అడిగితే మీకు అనుమానం రాదేటి?”

తర్వాత, బీడీ వెలిగించబోయి పాపని చూసి మళ్ళీ జేబులో పెట్టేసుకుని, చెప్పాడు.

“నాను ఎస్సెల్సీ తప్పీసినాను. వారం రోజులు పడవ కింద తొంగున్నాను. అందరూ ఒకటే సలహాలు. మా అయ్య ఏటీ అన్లేదు. ఈ కత్తి తెచ్చి, ‘పిడి పగిలిపోయిందిరా, పారేయమంతావా, దారం సుట్టమంతావా’ అన్నాడు. సుట్టీ అన్నాను. నా కళ్ళ ముందే కూకుని సుట్టినాడు. పరీచ్చ తప్పినోడి మాట ఇన్నాడమ్మా. మరింక ఆ దారం నానెలా ఇప్పుతాను?”

గొళ్ళెం ఇంకో చుట్టు బిగించి అన్నాడు. “పిడి దానంతటది పగిలిందా, అయ్యే పగలగొట్టినాడా అని నాకిప్పటికీ డవుటే.”

ఆ దారం కింద ఆ మధ్యాహ్నమే నేను కత్తెర మొన దూర్చిన సంగతి ఆయనకి ఈనాటికీ చెప్పలేదు.

“మరి నా ఫైనల్ మాట వినవా?” అన్నాను.

“సెప్పు.”

“ఇలాగే ఉంచు.”

“అలగే,” అన్నాడు పెదనాన్న, అప్పుడే తేలినట్టు. కత్తి ముడిచి డబ్బాలో పెట్టి, డబ్బా నా సంచిలో పెట్టాడు. “నీ కాడే ఉంచు. నూనె మాత్రం మీ పెద్దమ్మది కాదు, నీదే కొనుక్కో. దిగులుగా ఉన్నోడికి సలహా సెప్పకమ్మా. సలహా అడుగు.”

కత్తి ఇప్పుడు మా ఇంట్లోనే బీరువా పైన, తాళం వేసిన పెట్టెలో, మూడు కవర్లలో ఉంది. నా భయాలు నాకున్నాయి. నెలకోసారి నూనె రాస్తాను. మచ్చ ఇంకా పదకొండే. ముఖం వేలాడేసుకుని ఎవరు వచ్చినా కుర్చీ ఎక్కి పెట్టె దించుతాను. మోహన్‌కి ప్రమోషన్ తప్పిపోయినప్పుడు కార్బన్ శాతం మళ్ళీ మొదట్నుంచీ విన్నాను.

పాపకి ఇప్పుడు ఆరేళ్ళు. మొన్న స్కూల్లో పద్యం మధ్యలో మర్చిపోయి, ఇంటికొచ్చి మంచం కింద దూరింది. నేనూ నేల మీద పడుకుని, కత్తి ముడిచే ఉంచి, గట్టిగా నా చేత్తోనే పట్టుకుని అడిగాను.

“దీన్ని బాగు చేయించమంటావా, ఇలాగే ఉంచమంటావా?”

పాప చాలాసేపు చూసింది. పిడికి గులాబీ రంగు నెయిల్ పాలిష్ వెయ్యాలంది. దారం మీద మెరుపులు అంటించాలంది. నెయిల్ పాలిష్‌లో ఉండే ద్రావకాలు వల దారాన్ని ఏం చేస్తాయో చెప్పడానికి నేను నోరు తెరిచాను. అప్పుడు ఆ రోజు బస్టాపు దాకా వచ్చి, బస్సు కదులుతుంటే కిటికీలోంచి పెదనాన్న చెప్పిన రెండో మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుని, మెరుపులు ఏ రంగువో అడిగాను.

“అడిగినావంటే సివరిదాకా ఇను. మజ్జిలో నీ సైన్సు ఎట్టకు.”