సారా కొట్టుకు రెండో పూట

మొన్న కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు పక్కనే ఒక లారీకి మిరపకాయల బస్తాలు ఎక్కిస్తున్నారు. ఘాటు కిటికీల్లోంచి లోపలికి రాగానే సగం బస్సు దగ్గడం మొదలుపెట్టింది. నేనూ దగ్గాను. దగ్గుతూనే ఒక పాత సాయంత్రం దగ్గరికి వెళ్ళిపోయాను. డెబ్బయిల చివరి రోజులు. నందిగామకు ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో, ఇంకా తెరవని సారా కొట్టు ముందు, షామియానా కింద, ఇనప కుర్చీల్లో పంచాయతీ సభ్యులు కూర్చుని ఉన్నారు. ఎదురుగా రోడ్డు మీద, మిరప చేల నుంచి తిరిగొస్తున్న కూలీ ఆడవాళ్ళు నిలబడిపోయారు. వాళ్ళ చీరల నుంచి వస్తున్న ఘాటుకు సభ్యులు కండువాలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, "ఇక్కడ కొట్టు పెట్టడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. అదే వారం మొదట్లో అదే మాటకు ఒక్కరు తప్ప అందరూ సరేనన్నవాళ్ళే. ఆ ఒక్కరి గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఆవిడ పేరు శేషారత్నం. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ పిల్లలు ఇప్పుడు నాకు స్నేహితులు.

నేను జగ్గయ్యపేటవాణ్ణి. ఒక దినపత్రికకు నందిగామ ప్రాంతపు విలేకరిగా చేరి, శేషారత్నం గారి ఇంట్లో వసారా గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ భర్త అప్పటికే పోయారు. మిరప చేను, పాడి అన్నీ ఆవిడే చూసుకునేవారు. నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. పొద్దున్నే పేపరు నాకంటే ముందు ఆవిడ చేతికి వెళ్ళేది. అందులో నా వార్త ఏదైనా కనబడితే ఆసాంతం చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఏ వేళప్పుడు చూశావయ్యా?" అని అడిగేవారు. బాగుందనడం, బాగాలేదనడం ఉండేది కాదు. మొదట్లో నాకు ఆ ప్రశ్న ఎందుకో బోధపడేది కాదు. చూశావా లేదా అని అడగాలి గాని, వేళతో ఏం పని?

బోధపడింది చందర్లపాడులో, ఒక గేదె బేరం దగ్గర. తోడు రమ్మంటే వెళ్ళాను. తెల్లవారగానే అమ్మేవాడు మా ముందే పాలు పిండి చూపించాడు. నురగ తపేలా అంచులు దాటింది. నేనైతే అక్కడే తాడు పట్టుకునేవాణ్ణి. శేషారత్నం గారు గేదె వీపు నిమిరి, "సాయంత్రం పూట కూడా చూసి పోతానయ్యా" అన్నారు.

"ఎండలో ఏం కూర్చుంటారమ్మగారూ, నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద నమ్మకమే. గేదె ఇంకా నాతో మాట్లాడలేదు కదా."

అతను నవ్వి ఊరుకున్నాడు. మా ప్రాంతంలో గేదెను కొనేవాళ్ళు రెండు పూటలా పాలు చూడడం రివాజు. ముందురోజు ఒక పూట పిండకుండా వదిలేస్తే మర్నాడు పొదుగు నిండుగా కనిపిస్తుంది. తొందరపడేవాళ్ళు ఆ ఒక్క పూటకే మోసపోతారు. మేము పందిరి కింద మజ్జిగ తాగుతూ సాయంత్రం దాకా కూర్చున్నాం. సాయంత్రం పాలు తపేలాలో సగానికి కూడా రాలేదు. ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు. లేచి చీర దులుపుకుని, "మంచి గేదేనయ్యా, పొద్దుటి పూట" అన్నారు. ఆ ఇంటి ఆడవాళ్ళు కూడా పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆవిడ పంచాయతీ సభ్యురాలు కూడా. ఆడవాళ్ళకు కేటాయించిన చోటుకు శేషారత్నం గారి ఇంటి నుంచి ఒక పేరు ఉండాలని పెద్దలు ఆవిడ పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఆడ సభ్యులు సమావేశానికి వెళ్ళేవారు కాదు. సమావేశం అయ్యాక తీర్మానాల పుస్తకాన్ని ఇంట్లో మగవాళ్ళు ఎవరో ఒకరు తీసుకొస్తే, వంటింటి గడప దగ్గర సంతకం చేసి పంపేవారు. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. శేషారత్నం గారూ అలాగే చేసేవారు, చదివి చేసేవారు, అంతే తేడా. ఆవిడకు పుస్తకం తెచ్చేది మరిది రంగారావు. ఆవిడ పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి అతను పలక పట్టుకుని తిరిగేవాడట. ఆవిడ చేతి అన్నం తిని పెరిగినవాడు.

ఆ సోమవారం అతను పుస్తకం తెచ్చినప్పుడు నేను వసారాలోనే ఉన్నాను.

"వదినా, ఇక్కడో సంతకం పెట్టు. గుమాస్తా వెళ్ళిపోతాడంట."

"దేనికి?"

"ఏముంది, మామూలువే. వీధి దీపాలు, మురిక్కాలవ, ఇంకా..."

"ఇంకా?"

"మూల మీద మన బిల్డింగులో సారా కాంట్రాక్టరు దిగుతానంటున్నాడు. పంచాయతీకి అభ్యంతరం లేదని రాసివ్వాలంట. అందరూ వెళ్ళి చూసొచ్చారు. బ్రహ్మాండంగా ఉందన్నారు."

"ఏ వేళప్పుడు చూశారు?"

"పొద్దున పదింటికి. వేళేంటి వదినా? సాయంత్రానికి బిల్డింగు ఎక్కడికన్నా పోద్దా?"

"గేదెను కొనాలంటేనే రెండు పూటలా చూస్తామే. ఊరంతా భరించే కొట్టుకు ఒక్క పూట చాలా? శనివారం సాయంత్రం మీటింగు అక్కడే పెట్టమను. నేనూ వస్తా."

రంగారావు పెద్దగా నవ్వాడు. "ఆడ మెంబర్లు రోడ్డు మీద కూర్చోవడం ఎక్కడన్నా ఉందా? నవ్విపోతారు."

"నవ్వనీ. ఈ ఊళ్ళో జనం నవ్వుకుని ఎన్నాళ్ళయిందో."

అప్పుడతని మొహం మారింది. "అద్దె వచ్చేది మనింటికే వదినా. కాదన్నావంటే ఈ యేడు నీ చేను నువ్వే తడుపుకో. ఇంజను నాది."

"ఇంజను నీదే. నేనెప్పుడు కాదన్నా?" అని ఆవిడ పుస్తకం మూసి అతని చేతికి ఇచ్చేశారు.

అది ఉత్తి బెదిరింపు కాదు. రెండిళ్ళకూ బావి ఒకటే. నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను రంగారావుది. మొదటి కోత అయిన మిరపకు తడి అందకపోతే రెండో కోత మీద ఆశ వదులుకోవలసిందే. అతను వెళ్ళాక, "చేను ఎండిపోతే ఎలా పిన్నిగారూ?" అన్నాను.

"భయంగానే ఉందయ్యా" అన్నారు. తనే మళ్ళీ చెప్పారు. "శనివారం కూలి ఇచ్చేది మిరప కల్లాల దగ్గర. అక్కణ్ణించి ఆ రోడ్డునే వస్తారు. బియ్యం కొట్టు ఆ మూల దాటాక ఉంది. ముందు సారా కొట్టు వస్తే ఇంక బియ్యం కొట్టుదాకా ఎవడొస్తాడు? పొద్దున పదింటికి ఇదంతా ఎక్కడ కనపడుద్ది? రోడ్డు మీద ఒక్క నరపురుగు ఉండదు."

ఆవిడ కబురు విని ప్రెసిడెంటుగారు మొదట వేళాకోళం చేశారు. తర్వాత, "మెంబరు నోరు తెరిచి అడిగాక కాదంటే బాగుండదు. సాయంత్రం చల్లగా ఉంటుందిలే, పోదాం పదండి" అన్నారు. రంగారావుకు మాత్రం ఇంటి పరువు పట్టుకుంది. తన వదిన దుమ్ములో, కటిక నేల మీద కూర్చుందని రేపు నలుగురూ అనుకోకూడదు. అందుకని షామియానా వేయించాడు, కుర్చీలు తెప్పించాడు, రంగు కాగితాల తోరణాలు కట్టించాడు, సభ్యులకు కలర్ సోడాలు పెట్టించాడు. అతను చేసిన పొరపాటు అదే. మా వైపు షామియానా, తోరణాలు కట్టి సోడాలు పోస్తున్నారంటే అక్కడేదో ప్రారంభోత్సవం జరుగుతున్నట్టే లెక్క.

కల్లాల దగ్గర కూలి పుచ్చుకుని వస్తున్నవాళ్ళు దూరం నుంచే తోరణాలు చూశారు. మరియమ్మ అని, కోతలకు ముఠా కట్టే పెద్దామె, అందరికంటే ముందు వచ్చి ఆగింది.

"ఏం బాబుగారూ, ఇయ్యాలే తెరుస్తన్నారా?"

ఆమె వెనక వస్తున్న మొగుడు చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని లోపలికి తొంగి చూశాడు. "సీసాలింకా దించలేదాండీ?"

"నీ జేబుకంత తొందరేందయ్యా! ముందు నూకలు కొననియ్యి" అని మరియమ్మ అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి గుంజింది. అందరూ నవ్వారు. సభ్యులూ నవ్వారు. అతనూ సిగ్గుపడుతూ నవ్వాడు, కాని కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. ఆ నవ్వు తగ్గేసరికి రోడ్డు నిండిపోయింది. మగవాళ్ళు ముందుకు వస్తున్నారు, ఆడవాళ్ళు వాళ్ళ పక్కకు జరుగుతున్నారు. వెనక నుంచి ఎవరో అమ్మాయి, "తెరిచేదేదో బియ్యం కొట్టుకు అవతల తెరవండి బాబూ, గింజలన్నా కొనుక్కుంటాం" అంది. ఆ గొంతులో కోపం లేదు. బస్సు కొంచెం ముందుకు ఆపమని అడిగినట్టు అడిగింది.

శేషారత్నం గారు ఆ మాట విన్నాక, "ప్రెసిడెంటుగారూ, చూడడం అయిపోయింది. ఇంక అడగండి" అన్నారు. ఆయన అడిగారు. వెనక కుర్చీలో ఒకాయన చెయ్యి కొంచెం పైకి వెళ్ళింది. "ఎత్తినట్టా?" అన్నారు ప్రెసిడెంటుగారు. "అబ్బే, దోమండీ" అని ఆయన చెవి తడుముకున్నాడు. ఆ స్థలంలో కొట్టుకు పంచాయతీకి అభ్యంతరం ఉందని అక్కడికక్కడే రాశారు. ఆవిడ మొదటిసారి కుర్చీలో కూర్చుని, అందరి ముందూ సంతకం చేశారు.

రంగారావు మాట మీద నిలబడ్డాడు. ఆవిడ చేనికి నీళ్ళు ఆగాయి. రెండు తడులు తప్పాయి. మిరప ఆకు మధ్యాహ్నానికే వేలాడిపోయేది. ఆవిడ రోజూ చేనికి వెళ్ళి చూసి వచ్చేవారు, మరిదిని అడగలేదు, ఎవరి చేతా అడిగించలేదు. అతని పిల్లలకు మజ్జిగన్నం పెట్టడమూ మానలేదు. ఒక పొద్దున పేపరు చదువుతూ తలెత్తారు. దూరంగా ఇంజను చప్పుడు. నీళ్ళు ఏ చేని వైపు పారుతున్నాయో చెవులకు తెలియదు. కాసేపటికి రంగారావే కాళ్ళకు బురదతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"డీజిలు ఎంతయింది?" అన్నారావిడ.

"నేనడిగానా?" అన్నాడతను మొహం పక్కకు తిప్పుకుని. ఆవిడ లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చారు. మూల మీది బిల్డింగును తర్వాత ఎరువుల కొట్టుకు అద్దెకిచ్చాడు. అద్దె తక్కువని అప్పుడప్పుడు వదినను దెప్పేవాడు. ఆవిడ ఒప్పుకునేవారు.

ఎనభైల్లో నేను ఆ గది ఖాళీ చేసి విజయవాడ వెళ్ళేనాటికి తీర్మానాల పుస్తకం ఇళ్ళకు రావడం ఆగిపోయింది. ఆవిడ సమావేశాలకు వెళ్ళేవారు. మరో ఇద్దరు ఆడ సభ్యులూ వెళ్ళేవారు. పంచాయతీ ఆఫీసులో వాళ్ళకోసమని గోడ పక్కగా వేసిన కుర్చీలు కొన్నాళ్ళకు బల్ల దగ్గరికి వచ్చాయి. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళలో ఎన్నో వార్తలు రాశాను. ఆస్పత్రయినా, బడయినా, రేషను షాపయినా ఒకసారి చూసి రాసింది తక్కువ. పొద్దున వెళ్ళిన చోటికి పొద్దుగూకే వేళ మళ్ళీ వెళ్ళేవాణ్ణి. మా సంపాదకుడు బస్సు ఛార్జీలు చూసి విసుక్కునేవాడు. ఆవిడ ఇప్పుడు లేరు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్ళు కొందరు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళూ రెండోసారి వెళ్తారని విన్నాను.

ఆ మూల మీద ఈనాటికీ మద్యం కొట్టు లేదు. కాంట్రాక్టరు ఆ ఏడు హైవే వైపు ఎక్కడో పెట్టుకున్నాడు, అటు నుంచి ఇంటికి వెళ్ళే కూలీల సంగతి ఏ పంచాయతీ అడగలేదు. ఊళ్ళో కొట్టు వద్దనే అధికారం పంచాయతీకి ఉందా, లేక అభిప్రాయం చెప్పే హక్కు మాత్రమే ఉందా అని ఆనాటి ప్రెసిడెంటుగారు అప్పుడే పైవాళ్ళకు రాసి అడిగారు. దానికి జవాబు ఇంతవరకూ రాలేదు.