దిగుడు దారిలో లాగిన కళ్లెం

మొన్న ఆదివారం పొద్దున మడకశిర బయటి గుట్ట దిగుతూ సైకిల్ మీది నుంచి బోర్లాపడి మోచేయి దోక్కుపోయిన దగ్గర నుంచి, ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఎలా పడ్డావని అడుగుతున్నారు. అరవై దాటిన మనిషి సైకిల్ నేర్చుకోవడమే వింత, అందులోనూ రాళ్ల గుట్టలెక్కే లావు టైర్ల సైకిల్ అంటే నా ఈడువాళ్లకు నవ్వు రాక మానదు. చిన్నప్పుడే ఎందుకు నేర్చుకోలేదంటే, మీరంతా అద్దె సైకిళ్ల మీద మోకాళ్లు పగలగొట్టుకుంటున్న రోజుల్లో నేను గుర్రమెక్కి తిరిగేవాడిని. గుర్రమున్నవాడికి సైకిల్ ఏమిటన్న పొగరు అప్పట్లో నాకు నిండా ఉండేది.

అలాగని మేము కలిగినవాళ్లమేమీ కాదు. మా నాయన గొర్రెల బేరం చేసేవాడు. మందలు గుట్టల మీద ఎక్కడెక్కడో మేసేవి, బస్సు దింపిన చోటు నుంచి ఆ రాళ్ల దారుల్లో పోవాలంటే మాకు పొట్టి తట్టుగుర్రమే దిక్కు. నాయన పోయాక ఆ బేరమూ గుర్రమూ మా అన్న చేతికి వచ్చాయి. నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడు, నన్ను గుర్రమెక్కించినవాడూ అతడే. గుట్ట ఎక్కేటప్పుడు ముందుకు వంగమనీ, దిగేటప్పుడు వెనక్కి వాలి కళ్లెం వదులుగా విడిచిపెట్టమనీ చెప్పేవాడు. “దిగేతప్పుడు నీ తెలివి చూపించొద్దురా, దానికి నాలుగు కాళ్లుండాయి, నీకు రెండే,” అని నవ్వేవాడు. మా కాలానికి ఉన్నది గోధుమరంగు ఆడగుర్రం, అన్న దాన్ని పాపా అని పిలిచేవాడు.

ఈ సైకిల్ మా అల్లుడిది. హిందూపురంలో ఫ్యాక్టరీ పని, సెలవు దొరికితే స్నేహితులతో గుట్టలెక్కి దిగడం అతని సరదా. కొత్తది కొనుక్కుని పాతది మా ఇంట్లో పెట్టాడు, నాకు షుగరు వచ్చిందని కూతురు పోరు పెట్టింది, చివరికి బడి మైదానంలో నెల రోజులు కిందామీదా పడి బ్యాలెన్సు పట్టాను. కానీ గుర్రం మీద పెరిగిన ఒళ్లు సైకిల్ ఎక్కినా గుర్రం మీద ఉన్నట్టే ఉంటుంది. మలుపు వస్తే అదే తిరుగుతుందని ఎదురుచూసేవాడిని, రాయి వస్తే అదే తప్పుకుంటుందని దిక్కులు చూసేవాడిని, ఆపాలంటే చేతులు మరచి నోటితో హో హో అనేవాడిని. “ఏం మామా, దాన్ని బుజ్జగిస్తాండావు? దానికి చెవుల్యాడుండాయి? బ్రేకు పట్టు!” అని అల్లుడు మైదానం అంచున నిలబడి కేకలు వేసేవాడు.

ఆదివారం మొదటిసారి గుట్ట దిగాను. సగం దారి బాగానే వచ్చాను. ఆ తర్వాత గులకరాళ్ల వాలు వచ్చింది, కళ్లెం లాగినట్టు రెండు బ్రేకులూ బిగబట్టి రొమ్ము వైపు లాగాను. ముందు చక్రం నిలిచిపోయింది, నేను దాని మీది నుంచి ఎగిరి పడ్డాను. అల్లుడు పరుగున వచ్చి లేవదీస్తూ, “దిగేతప్పుడు అంత గట్టిగా లాగితే యట్ల మామా?” అన్నాడు. ఆ మాటకు నాకు నొప్పి కూడా తెలియలేదు. నా పిడికిళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి. ముప్పై ఏళ్ల కిందట ఒక వాలు మీద బిగిసింది ఇలాగే.

అది కరువు సంవత్సరం. గడ్డి లేక గుర్రం బక్కచిక్కిపోయింది, అప్పటికి కడుపుతో కూడా ఉంది. శింగనమల వైపు చుట్టాలింటికి పోతూ అన్న నాకు ఒకే మాట చెప్పాడు, గుట్ట మీది మంద చూసి రావాలంటే పో, కానీ దిగేటప్పుడు మాత్రం ఎక్కవద్దు, ముందు నడుస్తూ పట్టుకుని రా అని. సరేనన్నాను. పైన బేరం కుదిరేసరికి ఇంకొక బేరగాడు గుట్ట కింది మరో మందకు బయలుదేరాడని తెలిసింది. అతనికంటే ముందు పోవాలి, పైగా నలుగురు గొర్రెల కాపర్లు చూస్తుండగా గుర్రాన్ని నడిపించుకుంటూ దిగడం నాకు నామోషీ అనిపించింది. ఎక్కాను.

వాలు అంచున అది ఆగిపోయింది. చుట్టుదారి వైపు తల తిప్పింది. నేను కళ్లెం లాగి తల ఇటు తిప్పాను, మడమలతో పొడిచాను, జారుతున్న కొద్దీ భయంతో ఇంకా లాగాను. తల పైకెత్తిన గుర్రానికి కాళ్ల ముందర ఏముందో కనిపించదు. బండ మీద జారి పడింది, ముందరికాలు విరిగింది. నేను పక్కకు దూకేశాను, నాకు గీత కూడా పడలేదు.

అన్న మరునాటికి వచ్చాడు. గుర్రం పక్కన కూర్చుని దాని మెడ నిమురుతూ, “యట్ల పడిందిరా?” అని అడిగాడు. పాము అడ్డం వచ్చింది, బెదిరి దూకింది అని చెప్పాను. అతడు నా ముఖం వైపు కాసేపు చూసి, ఇంకేమీ అడగలేదు. పశువుల డాక్టరు వచ్చి పెదవి విరిచాడు. నాలుగో రోజుకు అది పోయింది, కడుపులోనిదీ దానితోనే పోయింది. అన్న మళ్లీ గుర్రం జోలికి పోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు కనుక, నా అబద్ధం నమ్మాడనే అనుకున్నాను, రానురాను నాకే అది నిజమనిపించేంతగా బతికేశాను.

అన్న కిందటేడాది చనిపోయాడు. నేను పడ్డానని తెలిసి వదిన నిన్న చూడవచ్చింది. అందరిలాగే ఎలా పడ్డావని అడిగింది. సైకిల్ సంగతితో మొదలుపెట్టినవాడిని ఎక్కడా ఆగలేక ఆ గుర్రం సంగతంతా చెప్పేశాను. ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

“మీయన్నకు ఆపొద్దే తెలుసప్పా,” అంది. “దాని నోటి మూలలు రెండూ తెగి ఉండెనంట. బెదిరి ఉరికే గుర్రానికి నోరు తెగదు, మింద ఉండేటోడు లాగితేనే తెగుతాది అనె.”

మరి నన్ను నిలదీయలేదేమని అడిగాను.

“ఒకతూరి అడిగె కదా. తమ్ముడు, వాడే చెప్తాడులే అని చూసినాడు. నువ్వు ఇంటికొస్తే నన్ను లోపలికి పొమ్మనేటోడు, కాపీ పెట్టుపో, బిరీన రావద్దు అని. నా ముందర నీకు మాట పెగల్దేమోనని.”

ఆ సాయంత్రాలన్నీ నాకు గుర్తున్నాయి. వదిన లోపలికి పోగానే అన్న మాటలు ఆపి అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. అంత మాటకారి నా దగ్గర ఎందుకిలా ముభావంగా ఉంటాడో, నా మీద ప్రేమ తగ్గిందేమో అని లోలోపల నొచ్చుకునేవాడిని కూడా. వాన పడలేదనీ, గొర్రెలకు ధర లేదనీ ఏవో చెప్పి, కాఫీ తాగి లేచి వచ్చేవాడిని. నేను గేటు దాటేవరకూ అతడు కూర్చునే ఉండేవాడు.

ఇప్పుడు ఆ వాలు మీదుగా సిమెంటు రోడ్డు వేశారు, మందల దగ్గరికి మోటారు సైకిళ్లు పోతున్నాయి. మా వైపు గుర్రమెక్కి వచ్చే బేరగాడు ఒక్కడూ లేడు, తెగిన నోరు చూసి జరిగింది చెప్పగలిగే మనిషీ ఇక లేడు. చేయి మానాక మళ్లీ సైకిల్ ఎక్కుతాను, మళ్లీ పడతాను కూడా. ఎలా పడ్డావని ఇప్పుడు ఎవరడిగినా, దారిన పోయేవాడు అడిగినా, తప్పు నాదేనని వెంటనే చెప్పేస్తున్నాను. ఒక్కసారి అడిగి ముప్పై ఏళ్లు ఊరుకున్నవాడికి మాత్రం చెప్పలేకపోయాను.