ముహూర్తం లేని రాయి

ఆళ్లగడ్డలో మా అన్న షెడ్డు వెనక నిలువెత్తు నల్లరాయి ఒకటుంది. ఒంటి నిండా ఎర్రరంగు గీతలే తప్ప ఉలి దెబ్బ ఒక్కటీ లేదు. వచ్చినవాళ్లు ఇది ఏ ఊరి ఆర్డరని అడుగుతారు. ఏ ఊరిదీ కాదు. అదే దాని ఖర్మ.

అన్న ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. నేను నంద్యాలలో కొట్టు పెట్టుకుని మాటలు చెక్కుతాను. గుడి కట్టుకున్న ఊరివాళ్లు వస్తే కొలతలు, ప్రతిష్ఠ తేదీ పుస్తకంలో రాసుకోవడం, క్వారీకి పోయి రాయి తేవడం నా వంతు. ఎవరేమడిగినా "అయిపోతుందిలేన్నా" అంటాను. మా కొట్టు పేరు తెలియని వాళ్లకు కూడా ఆ మాట తెలుసు.

ఈ పనిలో ఒక చిక్కుంది. రాయి ఎండాకాలంలోనే తెచ్చిపెట్టుకోవాలి. వానలు పడ్డాయంటే క్వారీ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, నెలల తరబడి రాయి బయటికి రాదు. అంటే ఇంకా రాని ఆర్డర్లను ఊహించి రాళ్లు తెచ్చుకోవాలి. ఆ ఊహ నాకెప్పుడూ చాల్లేదు. ఆర్డరొస్తే చూద్దాంలే అనేవాణ్ణి. చూసేసరికి వానొచ్చేది.

ఒక ఎండాకాలం అన్నే నన్ను అడిగాడు.

"అబ్బీ, నాకొక మగరాయి కావల్ల. యోగ నరసింహుణ్ణి చెక్కల్ల."

సుత్తితో తడితే గంటలా మోగేదాన్ని మేము మగరాయి అంటాం. మా షెడ్డులో దేవుడికైనా అమ్మవారికైనా అదే వాడతాం.

"ఏ ఊరికన్నా?"

"ఊరేందీ? నాకే. ఇన్నేండ్లు ఊర్లోల్లు చెప్పిన కొలతకి చెక్కితి. ఒక్కటన్నా నా కొలతకి చెక్కుకోనీ."

"ఎప్పటికి కావల్ల?"

"కండ్లు కనపడతాండంగనే," అన్నాడు నవ్వుతూ.

"సరే, రాసుకుంటా."

"రాయి తెమ్మంటే రాసుకుంటానంటావేందిరా!"

నేనూ నవ్వాను. నిజంగానే రాసుకున్నాను. మిగతా ఆర్డర్లన్నిటికీ పక్కన ముహూర్తం ఉంది, దీనికి లేదు. ముహూర్తం ఉన్న దేవుళ్లు తోసుకుంటూ ముందుకు పోతుంటే, ఈ నరసింహుడు పేజీ మారినప్పుడల్లా అడుక్కి జారేవాడు. ఆ ఏడు వానలు పడ్డాయి.

మరుసటి ఏడు మాత్రం ఎండాకాలం చివర్లో, వానలకు ముందు తెచ్చాను. సుత్తి తగిలిస్తే క్వారీలో పనిచేసే వాళ్లంతా తిరిగి చూశారు, అట్లా మోగింది. అన్న దాని చుట్టూ తిరిగి, అరచేతులతో తడిమి, "వారం దినాలు ఊరికే చూస్తా. ఆమీదట గీతలు," అన్నాడు.

ఆ వారంలోనే గడివేముల పక్క ఊరివాళ్లు నా కొట్టుకొచ్చారు.

"మా అమ్మవారు యాడిదాకా వచ్చిందన్నా? శ్రావణంలో ప్రతిష్ఠ."

ఉగాదినాడే మాటిచ్చి ఉన్నాను. అమ్మవారు ఇంకా క్వారీ కూడా దాటలేదు. క్వారీలో అప్పటికే మోకాటి లోతు నీళ్లు. "అయిపోతుందిలేన్నా," అని వాళ్లను పంపి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

షెడ్డులో రాయి పక్కన నిలబడి సుత్తితో ఊరికే తట్టాను. వదినే కనిపెట్టింది.

"చెప్పప్పా, ఈసారి ఎవరికి మాటిచ్చి వచ్చినావు?"

అన్న నా ముఖం చూశాడు, రాయిని చూశాడు. సుద్దముక్క తీసుకున్నాడు.

"వాళ్ల కొలత చెప్పు."

రెండు నెలల్లో అమ్మవారు లేచింది. చివరి రోజు కళ్లు తీర్చేటప్పుడు అన్న ముక్కు రాతికి తగిలేంత దగ్గరగా వంగి ఉన్నాడు. చూశాను. చూసి, లారీ త్వరగా దొరుకుతుందా లేదా అని ఆలోచించాను. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో ఎండాకాలం అన్నిటికంటే ముందు నరసింహుడికి ఇంకో మగరాయి దించాను. వదిన దారం పట్టుకుంటే అన్న గీతలు గీశాడు. మోకాళ్లు, వాటిని చుట్టి కట్టిన యోగపట్టె, చేతులు, భుజాలు అన్నీ వచ్చాయి. ముఖం దగ్గర ఆగి నన్ను పిలిచాడు.

"ఈ గీత నేరుగా ఉందా, చూడు."

వంకరగా ఉంది.

"నేరు... నేరుగానే ఉందన్నా."

"అబద్ధమన్నా ముందే అనుకోని రావల్ల కదరా," అన్నాడు. రంగు కుంచె వదినకిచ్చి చేతులు కడుక్కున్నాడు.

నంద్యాల కంటి డాక్టరు షుగరు కళ్ల వెనక నరాన్ని తినేసిందన్నాడు. రెండేళ్ల కిందట వచ్చుంటే ఉన్న చూపైనా నిలిచేదన్నాడు. ఇంటికొచ్చి పుస్తకం తిరగేశాను. 'అన్నకు కండ్లు చూపించాల' అని నా చేతిరాతే, నరసింహుడి కింది వరసలో ఉంది. దానికీ తేదీ లేదు.

ఇప్పుడు ఎండాకాలం రాగానే నాలుగైదు రాళ్లు తెచ్చి పెడుతున్నాను. నాకు ముందుచూపు వచ్చిందని అందరూ మెచ్చుకుంటున్నారు. ఎవరి చూపు పోయాక వచ్చిందో నాకు తెలుసు. అన్న కుర్చీలో కూర్చుని మిగతా శిల్పుల సుత్తి చప్పుళ్లు వింటూ తప్పులు పడతాడు. చప్పుడుతోనే పడతాడు.

మొన్న రుద్రవరం వాళ్లు ఆ గీతల రాయి కోసం వచ్చారు. మాఘంలో వాళ్లకు ప్రతిష్ఠ. అన్న విన్నాడు.

"ఇచ్చేయ్ అబ్బీ. రాయిని ఎన్నాళ్లు కూచోబెడతావు? గీతలు తుడిచి ఇయ్యి, వాళ్ల కొలత వేరే ఉంటది."

వాళ్లను టీ కొట్టుకు పంపి, గుడ్డ తడుపుకుని షెడ్డు వెనక్కి పోయాను. మోకాళ్ల మీది యోగపట్టె ఎంత చక్కగా వచ్చిందో! పైన ముఖం దగ్గర ఆ వంకర గీత. గుడ్డలో నీళ్లు నా పాదాల మీద కారిపోయాయి. తిరిగొచ్చాను.

"తుడిచినావా?"

"తుడిచినాన్నా. కానీ పక్కన చిన్న చీలిక ఉంది, దేవుడికి పనికిరాదు. వాళ్లకి వేరే రాయి చూపిస్తా."

ఈసారి తడబడలేదు. అన్న నా వైపు ముఖం తిప్పాడు.

"ముందే అనుకోని వచ్చినావే," అన్నాడు.