మసిమొహం రాని ఆదివారం

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయడానికి నాకు అక్షరాలు లేవు. బడికి పోవాల్సిన వయసులో జగ్గయ్యపేట అవతల నాపరాళ్ల క్వారీలో మా అమ్మ వెనకాల రాతిముక్కలు ఏరేదాన్ని. పెళ్లయ్యాకా అదే క్వారీ, అదే తట్ట. ముసలితనంలో నందిగామలో మా అమ్మాయి ఇంటికి చేరా. బళ్లో టీచరుగా చేసే ఆ పిల్ల సాయంత్రాలు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని దిద్దించింది. మొదట బస్సుల బోర్డులు చదివా. తర్వాత బైబిల్లో కీర్తనలు కూడబలుక్కున్నా. రాయడం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. ఏం రాయను అని అడిగితే, "నువ్వు ఎవరికీ చెప్పనిది రాయమ్మా" అంది. నాకు వెంటనే గుర్తొచ్చింది ఒక టీవీ బొమ్మ.

అప్పట్లో మా క్వారీ గుడిసెల్లో టీవీ ఒక్క మేస్త్రి ఇంట్లోనే ఉండేది. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచీరలు మార్చుకోకుండానే అందరం అక్కడికి పరిగెత్తేవాళ్లం. ఒక హిందీ సీరియల్ వచ్చేది. ఇద్దరు స్నేహితులు, ఒక పాత జీపు. ఒకడు పొడుగ్గా అందంగా ఉంటాడు. ఇంకోడు బూరెబుగ్గలోడు, ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ ఉంటాడు. వారం వారం దొంగల్ని పట్టుకుంటారు. జీపు పల్టీలు కొట్టినా బట్టలు దులుపుకుని లేచేస్తారు. ఇల్లు పేలిపోయినా అంతే. దుమ్ములోంచి దొంగ నల్లటి మసిమొహం వేసుకుని, కళ్లు టపటపలాడిస్తూ బయటికొస్తాడు. అప్పుడు నవ్వేవాళ్లం చూడండి, గోడలు అదిరేవి. నిజం మందు పేలితే మనిషి ఏమవుతాడో తెలిసినవాళ్లం కాబట్టే అంతగా నవ్వేవాళ్లమేమో.

మాకెవరికీ హిందీ రాదు. ఉత్తరాది దాకా లారీ తోలిన డ్రైవర్ బాబాయ్ పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడు. సగం అందులో ఉన్నది, సగం తన సొంతం.

"ఒరేయ్ దొంగా, నీ తాతకే తాడు కట్టినోణ్ణి అంటున్నాడు."

"అంత మాట అన్నాడా బాబాయ్? పెదవే కదల్లేదుగా!"

"హిందీ ముక్కుతో మాట్లాడతారే పిచ్చిదానా."

ఇక్కడ మా క్వారీ పద్ధతి ఒకటి చెప్పాలి. రాయిలో బెజ్జాలు కొట్టి, మందు కూరి, వత్తులు పెట్టి, పొద్దువాలే వేళ అంటించేవాళ్లు. అందరూ పైకొచ్చి పెద్ద రాళ్ల చాటున కూర్చునేవాళ్లు. ఇక మాటల్లేవు. ఒక్కో మోతకి ఒక్కో వేలి కణుపు మీదికి బొటనవేలు జరిపేవాళ్లు. కూరినవెన్నో మోగినవీ అన్నే అయితే మేస్త్రి "సరి" అనేవాడు. అప్పుడే ఎవరైనా నోరు తెరిచేది. ఇళ్ల దగ్గర ఆడవాళ్లమూ అంతే. ఆ రోజు ఎన్ని కూరుతున్నారో మధ్యాహ్నమే తెలిసిపోయేది. మోత వినపడితే గరిటె ఆగిపోయేది, బొటనవేలు కదిలేది. మా పిల్లలకి అంకెలు వచ్చింది అట్లాగే. ఒక్క మోత తక్కువైతే, ఆ బెజ్జం సంగతి తేలేదాకా ఆ గుంతలోకి ఎవరూ దిగరు.

ఒక శనివారం సాయంత్రం నా లెక్కకి ఒకటి తక్కువ వచ్చింది. మేస్త్రి మాత్రం "రెండు కలిసి మోగినయ్. సరి" అన్నాడట. రెండు ఒకేసారి పేలితే ఒకటే మోత వినపడడం ఉన్నదే. మా ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "నీకెన్ని?" అన్నాడు. చెప్పా. చెంబు కింద పెట్టి, "నాకూ అంతే" అన్నాడు. సోమవారం పొద్దున ఆ గుంతలోకి ముందు దిగి రాళ్లు కదపాల్సింది ఆయనే.

మర్నాడు సీరియల్‌లో దొంగలు ఒక తెల్లరాతి గుంతలో మందు పెట్టారు. అచ్చం మా క్వారీలాగే ఉంది. ఒక్కో బెజ్జంలో కూరడం దగ్గరగా చూపించారు. తర్వాత వరసగా పేలాయి. దొంగలు గంతులేస్తూ పారిపోయారు. పొడుగాయన వెంటపడ్డాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను నా చేతి వంక చూసుకున్నా. బొటనవేలు కణుపు మీద ఆగి ఉంది. పక్కనున్న ఆమె వేలూ అట్లాగే ఉంది. తల తిప్పి చూస్తే గదిలో పెద్దవాళ్లందరి చేతులూ ఒళ్లో అట్లాగే ఉన్నాయి. టీవీ చూస్తూ అందరం లెక్కపెట్టాం. ఎవరూ పెట్టమనలేదు.

ఒకటి తక్కువ.

తెర మీద బూరెబుగ్గలోడు తన టోపీ గుంతలో పడిపోయిందని సైగ చేసి, నవ్వుకుంటూ కిందికి దిగుతున్నాడు. మంచి ఎండ. వెనక ఎప్పటి సంగీతమే, గంతులేసే సంగీతం.

"దిగకురా!" అని ఎవరో గట్టిగా అరిచారు. ఆ అరుపుకి ఎవరూ నవ్వలేదు.

వాడు ఏదో అంటున్నాడు. డ్రైవర్ బాబాయ్ చెప్పడం మానేశాడు.

"ఏమంటున్నాడు బాబాయ్?"

"ఏం లేదమ్మా. పాట పాడుకుంటున్నాడు."

వాడు టోపీ తీసి దులుపుకున్నాడు. అప్పుడు మోగింది. టీవీలో ఆ మోత ఎంతో లేదు, దీపావళి టపాకాయంత. తెరంతా తెల్లటి దుమ్ము.

"ఆ, వస్తాడు చూడండి మసిమొహమేసుకుని" అన్నాడు మేస్త్రి. ఒక్కడే నవ్వాడు.

అందరం ఎదురుచూశాం. దుమ్ము మెల్లగా కిందికి దిగింది. రాళ్లు కనపడ్డాయి. సంగీతం ఎప్పుడు ఆగిందో తెలియదు. ఆ రాళ్లనే చూపిస్తున్నారు. ఎవరూ రాలేదు. తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది. ఒకామె నురగలో నవ్వుతా స్నానం చేస్తోంది.

ప్రకటనలు అయ్యాక పొడుగాయన ఒక్కడే జీపు తోలుకుంటూ పోతున్నాడు. పక్క సీటు ఖాళీ. ఎప్పటి పాటే వచ్చింది, పేర్లు పడ్డాయి. మరుసటి వారం ఆ సీట్లో ఒక సన్నటోడు కూర్చుని జామకాయ తింటున్నాడు. బూరెబుగ్గలోడు ఏమయ్యాడని ఆ సీరియల్‌లో ఎవరూ ఒక్కమాట అడగలేదు. ఆ సీరియల్ వాళ్లు కావాలనే ఒక మోత తగ్గించారో, చూసుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం పాట అయిపోయినా మేస్త్రి తెర వంకే చూస్తున్నాడు. ఆయన భార్య లేచి, "ఆపెయ్యండి, ఇంక రాడు" అంది. ఆమె వేలు కూడా కణుపు మీదే ఉండడం చూశా.

ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగా.

"మావా, రేపు దిగుతావా?"

"దిగకపోతే?"

"మనిద్దరికీ తక్కువే వచ్చిందిగా."

"మేస్త్రి సరి అన్నాడు. టీవీలో బొమ్మ చూసి భయపడ్డానంటే రేపటి నుంచి నన్ను చీర కట్టుకు రమ్మంటారే."

"కట్టుకో. నాది ఇస్తా."

నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "రెండు కలిసే మోగుంటయ్‌లే" అన్నాడు, నాకు కాదు, గోడకి చెప్పినట్టు. పొద్దు ఉండగానే ముసుగుతన్ని పడుకున్నాడు. ముసుగులోంచి బయట పడ్డ చెయ్యి చూస్తే బొటనవేలు కణుపుల మీద జరుగుతోంది. చివరి దాకా పోయి ఆగుతోంది. మళ్లీ మొదటికి వస్తోంది.

పొద్దున ఆయన లేవకముందే నేను లేచా. నా పెళ్లినాటి ఎర్రచీర చెంగు చింపి చిల్లకర్రకి కట్టా. మా దగ్గర గుంత దారిలో ఎర్రగుడ్డ పాతి ఉంటే ఎవరూ దాటరు, యజమాని ట్రాక్టరు కూడా ఆగాల్సిందే. ఎవరు పాతారో వాళ్లే పీకాలి. ఇంకోడి చెయ్యి పడకూడదు. ఆడది పాతకూడదని మాత్రం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, ఆడది పాతుతుందని అనుకోక.

దారి మధ్యలో గట్టిగా పాతి, మొదట్లో ఒక రాయి పెట్టి పక్కనే కూర్చున్నా. మంచు ఇంకా విడలేదు. కింద గుంత తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఒక్క పిట్టన్నా అరవలేదు. ఆ రాళ్లలోంచి ఎవరో నన్ను చూస్తున్నట్టే అనిపించింది, కానీ లేవలేదు.

ముందు మా ఆయన, వెనక మిగతావాళ్లు, చివర మేస్త్రి వచ్చారు. గుడ్డ దగ్గర ఆగిపోయారు.

"ఎవరు పాతింది?" అన్నాడు మేస్త్రి.

"నేనే, అన్నా."

"పీకు తల్లీ. ట్రాక్టరు వస్తోంది."

"పీకను."

"ఏరా, నీ పెళ్లానికి చెప్పవా?"

మా ఆయన నా వంక చూశాడు, గుడ్డ వంక చూశాడు. గునపం కింద పెట్టి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మేస్త్రి దాటడానికి కాలెత్తాడు. ఎవరూ ఆపలేదు. ఆ కాలు కాసేపు గాల్లో ఉండి, వెనక్కే దిగింది.

"పై గుంతకి పదండ్రా" అన్నాడు, మా ఎవరి మొహం చూడకుండా. "దీని సంగతి మందు కూరేవాణ్ణి పిలిచి చూపిస్తా."

వాళ్లందరూ వెళ్లేదాకా కూర్చుని, లేచి, గాలికి ఊగుతున్న ఆ కర్ర మొదట్లో ఇంకో రాయి పెట్టా.