నూనె లెక్క నన్ను విడిపించిన పొద్దు

ఆ ఏండ్లల్ల మా దిక్కు ఊర్లల్ల దొరల మీద కొట్లాడే దళాలు తిరుగుతుండె, వాళ్లను వెతుక్కుంట మిలిట్రీ తిరుగుతుండె. నేను మాత్రం బొంబాయిల ముడి చమురు గురించి చదువుకుంటున్న. పలుచటి చమురు చిక్కదనాన్ని కొలవకుండనే అంచనా కట్టడం నా పని. కొన్ని నూనెల సాంద్రత, వేడి, చిక్కదనం ముందే కొలిచి, వాటి నడుమ సంబంధాన్ని ఒక సూత్రంగ కడ్తం. ఇగ కొత్త నూనె సాంద్రత, వేడి తెలిస్తే చాలు, అది ఎంత చిక్కగ పారుతదో చెప్పొచ్చు.

సెలవులకు నర్సింహులపేట దగ్గరి మా ఊరికొచ్చి ఈ సంగతి అన్నకు చెప్పిన. అన్న బడి మొఖం చూడలే. నాయిన పోయినంక ఎవుసం నెత్తికెత్తుకొని, మమ్ముల కన్న అవ్వను సాదుకుంట నన్ను చదివించింది ఆయననే.

"చూడని నూనె సంగతి ఎట్ల చెప్తవుర?"

"అసొంటివి చూసినం గద అన్నా. కని గ్యాసు కలిసిన నూనె అయితే లెక్క తప్పుతది. అనుకున్నదానికన్న పలుచగుంటది."

"అయితే గది సరిజెయ్యి" అని నవ్విండు.

గదే సరిజేస్తున్న పొద్దున మిలిట్రీ దిగింది. దళానికి అన్నం పెట్టినోళ్లు ఎవరని మగోళ్లందర్నీ బయటికి గుంజిన్రు. నేను నూనె లెక్కలకు గీసుకున్న గీతల కాయితాలను అడవి దారుల పటమనుకొని నా రెక్కలు విరిచి పట్టుకున్నరు. అధికారి కాయితం తిప్పి చూసి ఇంగ్లీషుల అడిగిండు. వేడి పెరిగితే చమురు చిక్కదనం ఎట్ల తగ్గుతదో ఈ గీత చూపిస్తదని ఇంగ్లీషులనే చెప్పిన. ఆయన మొఖం మెత్తబడ్డది. నన్ను విడిచిపెట్టుమని సైగ చేసిండు.

అన్నను లారీ ఎక్కించిన్రు. "మా అన్న, సార్" అని ఎంత మొత్తుకున్నా అధికారి వినలే.

"నువ్వు ఊకో. అవ్వ కాడికి పో" అన్నడు అన్న.

దళం మా ఇంట్ల తిన్న మాట నిజమే. అన్న అప్పుడు పొలం కాడ ఉండె. వండింది అవ్వ, వడ్డించింది నేను.

బొంబాయికి తిరిగి పోయినంక గ్యాసు లెక్క కుదిరింది. కొలిచి చూస్తే అంచనా దగ్గర్నే ఉన్నది. మా సారు భుజం తట్టిండు. సరిజేసిన అని చెప్పుదామంటే అన్న ఇంక మిలిట్రీ చేతులనే ఉండె.

అన్నను ఇడిసిన్రని తెలిసి మానుకోట దవాఖానకు ఉరికొచ్చిన. చేతులకు, కాలికి కట్లున్నయి. నన్ను చూడంగనే పక్క మంచం మీది ముసలాయనతోని, "మా తమ్ముడే! బొంబాయిల చదువుతుండు" అన్నడు మురుసుకుంట.

తర్వాత నొప్పికి పండ్లు కొరుక్కుంట జర పక్కకు జరిగి, "కూసో" అన్నడు.

నాకు కూసోబుద్ధి కాలే.