మిగిలిపోయిన సముద్రం పాఠం

జూన్ మొదటి ఆదివారం. మా ఎదురు క్వార్టరు టీచరమ్మ పోయారన్న కబురు గడిచిన సోమవారం ఉదయం, పొయ్యి మీద పాలు ఉండగా వచ్చింది. నిద్రలోనే పోయారట. ఆవిడ దగ్గర భూగోళం చదువుకున్నవాళ్ళు మన తోర్వా రైల్వే కాలనీలో చాలామంది ఉన్నారు. ఆవిడ మంచితనం గురించి వాళ్ళు నాకంటే బాగా రాయగలరు. ఆవిడ మొదలుపెట్టిన పాఠం ఒకటి నా వల్ల ఆగిపోయింది కాబట్టి నేను రాస్తున్నాను.

స్కూల్లో రిటైరయ్యాక ఆవిడ తన కొడుకు క్వార్టరులో ఉండేవారు. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చి, పదో తరగతి చదివే మా మనవరాలికి పాఠం చెప్పేవారు. పుస్తకం తెరవడం నేను చూడలేదు. మొదటి రోజు గదిలోకి వస్తూనే గోడల మీద పైనున్న వెంటిలేటర్లు చూశారు. బొగ్గు వ్యాగన్ల ధూళి రాకుండా నేను వాటిలో అట్టలు కుక్కి ఉంచాను.

"ఏటి వదినా, ఇలగ మూసీసినావు? పైన దారి లేకపోతే కింద కొత్తగాలి ఎలగొస్తాది?" అన్నారు.

ధూళి ఎవరు తుడుస్తారని అడిగాను. ఆవిడ నవ్వి, పిల్ల చేత ఒక అట్ట తీయించి, కిటికీ దగ్గర అగరొత్తి వెలిగించారు. పొగ లోపలికి వంగి, గది దాటి, పైనుంచి బయటికి పోయింది. ఎండకు నేల కాగితే దాని మీది గాలి అలాగే పైకి లేస్తుందని, ఆ చోటికి సముద్రం మీది తడిగాలి వస్తుందని, భూమి తిరుగుతోంది కాబట్టి అది తిన్నగా రాక నైరుతి నుంచి మళ్ళి వస్తుందని చెప్పారు. "తోర్వాలో పడిన వాన తోర్వాది కాదమ్మా" అనేవారు. వెళ్ళేటప్పుడు చెంగు ఎత్తి, గాలి ఎటుందో చూసి మరీ మెట్టు దిగేవారు. ఆ మొదటి రోజు ఆవిడ మెట్టు దిగగానే నేను అట్ట మళ్ళీ కుక్కాను.

చలికాలం టెస్టులో, రుతుపవనాలు ఎలా ఏర్పడతాయన్న ప్రశ్నకు పిల్ల అగరొత్తి, వెంటిలేటరు అని రాసి వచ్చింది. మార్కులు తగ్గాయి. ఆ ఆదివారం టీచరమ్మ వస్తూనే పెద్ద పళ్ళెం, పసుపు అడిగారు. సముద్రం పాఠమట. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు చల్లి, ఒక పక్కనుంచి ఊదాలట. నేల తడుస్తుందన్నాను. పరీక్షలయ్యేదాకా ఈ పాఠాలు వద్దని కూడా అన్నాను, పిల్ల ముందే.

"అచ్ఛా వదినా. గాలి ఆగదు గానీ నేనాగుతాన్లే. అయిపోయాక కేకెయ్యి."

పరీక్షలు మార్చిలో అయిపోయాయి. నేను కేక వేయలేదు. రోజూ ఎదురెదురు గుమ్మాల్లో నిలబడి ఎండ గురించి, కూరల గురించి మాట్లాడుకున్నాం. పాఠం ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. ఇంటి లెక్కల్లో చిన్న తేడా వచ్చినా నిద్రపోని దాన్ని, ఈ ఒక్క పిలుపు నాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా నిజం కాదు. అన్న మాట వెనక్కి తీసుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

సోమవారం ఎదురింటి నుంచి వచ్చాక పిల్ల ఏడవలేదు. "పేపర్లు కబ్ కీ ఖతమ్, ఎప్పుడో అయిపోయాయి కదా మామ్మా. టీచర్‌ని పిలిచావా?" అని అడిగింది. నేను పాలగిన్నె తోమడానికి లోపలికి వెళ్ళిపోయాను. అప్పటినుంచి అది నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు.

నిన్న దాని పుస్తకంలో ఆ పాఠం వెతికి చదివాను. భూమధ్యరేఖ దగ్గరి గాలులు పసిఫిక్ మీది వెచ్చని నీటిని పడమటికి తోస్తాయి. వెనక, తూర్పు ఒడ్డున, అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. కొన్ని సంవత్సరాల్లో ఆ గాలులు నీరసిస్తాయి, వెచ్చని నీరు వెనక్కి మళ్ళుతుంది. అలాంటప్పుడు చాలాసార్లు మనకు వానలు తగ్గుతాయి. ఎక్కడో సముద్రం మీద గాలి సన్నగిల్లితే, ఇక్కడ మన ఉస్లాపూర్ అవతలి వరి మళ్ళు బీటలువారి నోరు తెరుస్తాయి. చదివితే అర్థమైంది. పళ్ళెంలో మాత్రం చూడలేదు.

ఇక జరగవలసినవి:

1. వెంటిలేటర్ల అట్టలన్నీ రేపే తీయించాలి. ధూళి నేను తుడుచుకుంటాను.

2. పిల్లకు జవాబు చెప్పాలి. పిలవలేదని, అది మరిచిపోయి కాదని.

3. వచ్చే ఆదివారం పెద్ద పళ్ళెం, పసుపు నా చేత్తో తీసి ఇవ్వాలి. ఊదేది పిల్ల. నేను పక్కన కింద కూర్చుని చూడాలి.

4. పసుపు అవతలి అంచుకు జరిగి, ఇవతల తేటనీరు పైకి తేలేదాకా, నేల ఎంత తడిసినా ఎవరూ గుడ్డ తేకూడదు.