కోళ్ల పెంట కుప్ప దగ్గర కుదిరిన సంబంధం

నేను తాండూరు దగ్గరి ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో మా మామకు సర్కారు ఎరువు మీద వల్లమాలిన భక్తి ఉండేది. ఆ తెల్లటి పొడిని ప్రసాదం పంచినంత జాగ్రత్తగా మిరప తోటలో చల్లేవాడు. ఒక ఏడు తాండూరులో అది దొరకలేదు. పొద్దున్నే బండి కట్టుకుని పోయిన మనిషి ఖాళీ బండితో, మాడిన ముఖంతో తిరిగొచ్చాడు.

"పరేషాన్ గాకు. నా కోళ్లు ఎరువు వేస్తలేవా?" అంది అత్త.

కోళ్లంటే ఆయనకు కూరగా తప్ప గిట్టదు. వద్దన్నాడు. ఆమె వినలేదు. గూట్లోంచి పచ్చి పెంట ఊడ్చి, తట్టలతో తీసుకుపోయి మొక్కల మొదట్లో వేసింది. పచ్చి పెంట వేడికి మొదటి వరస మొత్తం మాడిపోయింది. మామ ఊరంతా తిరిగి ఈ సంగతి చెప్పి నవ్వాడు. అత్త మాత్రం మానలేదు. ఈసారి పెంటను పెరట్లో కుప్ప పోసి, మన్ను కలిపి, తడుపుతూ మగ్గబెట్టింది. ఆ కంపుకు నేను ముక్కుకు కొంగు కట్టుకుని వంట చేసేదాన్ని.

సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డను చూడడానికి బషీరాబాద్ వైపు నుంచి పెళ్లిచూపులవాళ్లు వచ్చారు. మామ వాకిలంతా ఊదుబత్తీలు ముట్టించాడు. దాంతో ఆ కంపు గుడిలోంచి వస్తున్నట్టయింది. పిల్లవాడి తండ్రి గాలి పీల్చి, "ఏం వాసన బావా?" అన్నాడు.

"ఎలుక సచ్చినట్టుంది," అన్నాడు మామ.

"ఎలుక గాదు, కోళ్ల పెంట," అంది అత్త లోపలి నుంచి. "పెరట్ల మగ్గుతున్నది."

మామ కళ్లు మూసుకున్నాడు. వచ్చినాయన చాయ్ పక్కన పెట్టి పెరట్లోకి నడిచాడు. కుప్పలోంచి గుప్పెడు తీసి నలిపి చూశాడు. ఆయన మాటలో సగం కన్నడం. ఎరువును గొబ్బర అంటాడు.

"మస్తు గొబ్బర, చెల్లె. జర చల్లారినంక వెయ్యి."

కుప్ప పక్కనే నిలబడి అత్తా ఆయనా మిరప గురించి మాట్లాడుకుంటూ పిల్ల సంగతే మరిచిపోయారు. లోపల పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఆడబిడ్డ నన్ను అడిగింది. "నన్ను సూడనీకి వచ్చిండ్రా, పెంటను సూడనీకి వచ్చిండ్రా వదినా?"

సంబంధం కుదిరింది. అప్పగింతల నాడు సారె బండిలో లడ్డూల గంపల వెనక పెంట నింపిన గోనెసంచులు కూడా ఎక్కాయి. ఆడబిడ్డ ఏడుస్తూనే వాటికి దూరంగా జరిగి కూర్చుంది.

మగ్గిన ఎరువు వేశాక మా మిరప విరగకాసింది. తాండూరు అంగట్లో మామ అదంతా తన ఉపాయమేనని చెప్పుకున్నాడు. నేను అత్త వైపు చూశాను.

"చెప్పుకోనీ," అంది ఆమె. "ఉపాయం ఆయనదే గదా, రేపటి సంది గూడు గూడ ఆయనే ఊడుస్తడు."

ఊడ్చాడు. ముక్కుకు తువాలు కట్టుకుని, కోళ్లను పేరుపేరునా తిడుతూ.